మెట్ల మీద అద్దం

కొండ అవతల తుపాకులు పేలినప్పుడల్లా ఈ వీధిలో ఒక్కొక్కరికి ఒక్కో పూనకం వస్తుంది. ఎక్కడ పేలుతున్నాయో, ఎవరి మీద ఎవరు పేలుస్తున్నారో ఒక్కరికీ సరిగ్గా తెలియదు. అడిగితే "వాళ్ళూ వాళ్ళూ" అంటారు, అదేదో పెద్ద సమాధానమైనట్టు. ఆ చప్పుడు కూడా అంత గొప్పదేం కాదు. దూరంగా టపటపమంటుంది, కాసేపాగి మళ్ళీ టపటపమంటుంది, ఎప్పుడైనా ఒకసారి ధన్‌మంటుంది. అంతే. ఆ మాత్రానికి ఈ జనం చేసే హడావిడి చూస్తే అద్దాలమ్మకి అరికాలి మంట నెత్తికెక్కేది.

అద్దాలమ్మ అన్న పేరు వీధివాళ్ళు పెట్టిందే. మామగారు పెట్టిన అద్దాల కొట్టు. ఆయన పోయాక అద్దం కొయ్యడం మొగుడి పని, మోసి బిగించడం మొగుడూ, ఆవిడ తమ్ముడూ కలిసి చేసే పని. కౌంటర్లో కూర్చుని కొలతలు రాసుకోవడం, వచ్చినవాళ్ళతో వాదించడం ఆవిడ పని. వాదనలో ఆవిడకి సాటి లేదు. కిటికీ కొలత తామే తప్పు తెచ్చి, అద్దం సరిపోలేదని పోట్లాటకొచ్చినవాళ్ళు కూడా చివరికి ఆవిడకే క్షమాపణ చెప్పుకుని, ఇంకో అద్దం కోయించుకుని పోయేవారు.

అలాంటి మనిషికి కూడా ఇంట్లోవాళ్ళతో వాదించే ఓపిక అయిపోయింది. ముందుగా అత్తగారు. మొదటి చప్పుడు వినబడగానే ఆవిడ కుళాయి తిప్పేస్తుంది. "నీళ్ళు ఆపేస్తార్రోయ్!" అని అరుస్తూ బకెట్లు, గిన్నెలు, మూతలేని డబ్బాలు, ఏది దొరికితే అది నింపేస్తుంది. ఎవరు ఆపేస్తారు, ఎందుకు ఆపేస్తారు? ఇన్నాళ్ళలో ఒక్కసారి కూడా నీళ్ళు ఆగిన పాపాన పోలేదు. ఇంట్లో మాత్రం అడుగు తీసి అడుగేస్తే ఏదో ఒక గిన్నె కాలికి తగలాలి, చీర అంచు తడవాలి.

తర్వాత మీటరాయన. కరెంటు మీటర్లు చూసి చూసి రిటైరయ్యాడు, ఇప్పుడు చూడ్డానికి ఏమీ లేక రోజూ వచ్చి కొట్టులో స్టూలు మీద కూర్చుంటాడు. చప్పుడు వినగానే కళ్ళు మూసుకుని వేలు పైకెత్తుతాడు. అందరూ నోరు మూసుకోవాలని దానర్థం. "ఇది పాతరకం తుపాకీ. ఒక్కో గుండూ పెట్టి కాల్చాలి" అని తీర్పు చెబుతాడు. జన్మలో తుపాకీ పట్టుకున్న మొహం కాదు. ఓ మధ్యాహ్నం ఇలాగే వేలెత్తి "ఇది మర తుపాకీ" అన్నాడు. సందు మలుపులో ఎవడిదో బండి సైలెన్సర్ ఊడిపోయింది, అదీ సంగతి. అయినా ఆయన తగ్గలేదు.

తమ్ముడిది ఇంకో రకం. చప్పుడైతే చాలు, చేతిలో పని అక్కడే పడేసి ఫోనుతో డాబా మీదకి పరిగెత్తుతాడు. కొండని వీడియో తీస్తాడు. ఆ వీడియోలో కొండ ఉంటుంది. ఇంకేమీ ఉండదు. దాన్ని ఊరందరికీ పంపుతాడు. "కదలని కొండని ఎవడు చూస్తాడ్రా?" అని అక్క అడిగితే, "నీకు తెలీదులే అక్కా, సాక్ష్యం ఉండాలి" అనేవాడు. దేనికి సాక్ష్యమో వాడికే తెలియాలి.

ఎదురు మేడ మీద ఆస్పత్రి పెట్టిన పళ్ళ డాక్టరమ్మ అందరికంటే నయం. చప్పుడు మొదలవగానే డ్రిల్లు ఆన్ చేస్తుంది. అది గుయ్యిమంటుంటే ఏ తుపాకీ వినబడదు. కుర్చీలో మనిషి ఉన్నాడా లేడా అన్నది కూడా చూసుకోదని వీధిలో చెప్పుకునేవారు, నిజమో కాదో.

"మరి నీకేం అనిపించదా?" అని ఎవరైనా అడిగితే, "నాకంత తీరికెక్కడిది?" అని కసిరేది అద్దాలమ్మ. నిజంగానే ఆవిడ ఉలిక్కిపడదు, పరిగెత్తదు, కొండ వైపు కూడా చూడదు. చటుక్కున మొగుడి చేతుల వైపు చూస్తుంది.

ఎందుకంటే ఆ చప్పుడుకి ఆయన వేళ్ళు విచ్చుకుంటాయి. అంతకు మించి ఆయనలో ఏ మార్పూ ఉండదు. మొహం మారదు, మాట ఆగదు, భుజమైనా కదలదు. చేతిలో ఏదుంటే అది మాత్రం కిందపడుతుంది. మొదట్లో టీ కప్పులు పోయాయి. ఒకటా రెండా, పింగాణీవన్నీ అయిపోయాక ఆవిడ ఇంట్లోకి స్టీలు గ్లాసులు తెచ్చింది. ఆ తర్వాత కళ్ళజోడు. ఆ తర్వాత అద్దం కోసే కట్టర్. గీత గీస్తుండగా మధ్యలో కట్టర్ జారిపోతే ఆ అద్దం ఇక పనికిరాదు, గీత అంటే ఈ కొసనుంచి ఆ కొసకి ఒక్క ఊపున పడాలి. సగం గీత పడ్డ అద్దాలు గోడవారగా పేరుకున్నాయి.

పోనీ, మనిషికి ఏదో అవుతోంది, ఒప్పుకుంటే దానికో దారి చూసుకోవచ్చు. ఒప్పుకుంటే కదా! "జారింది" అంటాడు. ఎప్పుడడిగినా అదే మాట.

"తుపాకీ పేలినప్పుడే జారుతుందేమండీ?"

"తుపాకీకీ దీనికీ ఏంటే సంబంధం? చెయ్యి చెమట పట్టింది, జారింది."

"గ్లౌజులు వేసుకుంటే చెమట బయటికెలా వచ్చింది?"

"నీతో మాట్లాడలేనమ్మా నేను" అని లేచి పోయేవాడు. ఇరవై మాటలు మాట్లాడే పెళ్ళాం దొరికిన మగవాళ్ళంతా ఇదే మాట ఎక్కడ నేర్చుకుంటారో గానీ, అందరి నోటా అదే.

కప్పులతో పోతే ఆవిడా ఊరుకునేదేమో. పోయిన నెల వ్యానులోంచి పెద్ద అద్దం దింపుతున్నారు, ఒక కొస ఆయన, ఒక కొస తమ్ముడు. కొండ అవతల టపటపమంది. ఆయన వేళ్ళు విచ్చుకున్నాయి. అద్దాల పనిలో ఎవరికైనా మొట్టమొదట నేర్పే సంగతి ఒకటుంది: పోయే అద్దాన్ని పట్టుకోకూడదు. చెయ్యి దాటిందా, వదిలేసి పక్కకి దూకాలి. మామగారు కొత్తవాళ్ళకి పని నేర్పే ముందు తన మోచెయ్యి మీద మచ్చ చూపించి మరీ చెప్పేవారు. తమ్ముడికీ చెప్పారు. కానీ వాడు ఆ రోజు దూకలేదు, బావ మీద పడుతుందని పట్టుకోబోయాడు. మణికట్టు దగ్గర తెగింది. కుట్లు పడ్డాయి. నరం తెగలేదు, అదృష్టం.

ఆ రోజు కూడా ఆయన "జారింది" అన్నాడు. 

అప్పటినుంచి తమ్ముడు ఒకే మాట మీద ఉన్నాడు. బావ అద్దం ముట్టుకుంటే తను ముట్టుకోడు. బావ కౌంటర్లో కూర్చుని కొలతలు రాసుకోవాలి, కొయ్యడానికీ మొయ్యడానికీ వేరే మనిషిని పెట్టుకోవాలి, లేదంటే తను పెద్ద బజారులో ఇంకో కొట్టుకి పోతాడు. వాడన్నదాంట్లో తప్పేముంది? ఏమీ లేదు. అదే ఆవిడకి మండేది. తప్పుంటే వాదించి గెలిచేది. అటు చూస్తే తోడబుట్టినవాడి చెయ్యి. ఇటు చూస్తే, పద్నాలుగో ఏటనుంచీ అద్దం తప్ప వేరే ధ్యాస లేని మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి "నీ చేతులకి ఇక పని లేదు" అని చెప్పాలి. చెబితే ఆయన వింటాడు. వింటాడనే ఆవిడ భయం.

ఇన్ని తలనొప్పుల మధ్య డాక్టరమ్మ అద్దం ఒకటి. ఆస్పత్రి గదికి అడ్డంగా బిగించాలి. మనిషెత్తు అద్దం. ఆయనే కోశాడు, తెల్లవారుజామున లేచి, ఏ చప్పుడూ లేని వేళ చూసుకుని, ఒక్క ఊపున. అంచులు కూడా తనే నున్నగా రుద్దాడు. కోయడానికి ఎంతోసేపు పట్టలేదు కానీ, అది స్టాండులో నిలబడి రోజులు గడిచిపోతున్నాయి. మోసేవాళ్ళు లేరు. డాక్టరమ్మ రోజూ ఫోను.

ఆ రోజు మధ్యాహ్నం ఫోనులో డాక్టరమ్మ తేల్చేసింది. "ఇవాళ సాయంత్రంలోగా రాకపోతే నేను వేరే చోట చెప్పుకుంటానండీ. కుర్చీలో నోరు తెరిచినవాళ్ళ కేకలు బయట కూర్చున్నవాళ్ళకి వినిపిస్తున్నాయి, సగం మంది భయపడి పారిపోతున్నారు."

"వచ్చేస్తుందమ్మా, ఇదిగో బయల్దేరింది" అని ఫోను పెట్టేసి, ఆవిడ తమ్ముడి వైపు తిరిగింది. "విన్నావుగా. లే."

"నేను రెడీ. బావ కాక ఇంకెవరొస్తారు?"

"ఇంకెవరున్నార్రా? నీ ఒక్కడివల్ల అవుతుందా?"

"అయితే నేను రాను. నా చెయ్యి చూడక్కా" అని కట్టు కట్టిన మణికట్టు కౌంటర్ మీద పెట్టాడు. ఆ కట్టు ఆవిడే కట్టింది పొద్దున.

ఆయన కొట్టు వెనక పుట్టీ కలుపుతున్నాడు. చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. బావమరిది మొహం చూడలేదు, పెళ్ళాం మొహం చూడలేదు, స్టాండులో అద్దం వంక చూస్తూ అన్నాడు. "ఇదొక్కటీ మోస్తా. దీన్ని గనక వదిలేశానంటే రేపట్నించి మీరెక్కడ కూర్చోమంటే అక్కడ కూర్చుంటా. ఇక మాట్లాడను."

"ఎవరి చెయ్యి పోతే నువ్వు కూర్చుంటావు బావా?" అన్నాడు తమ్ముడు.

"ఒరేయ్, నోరుముయ్" అంది అద్దాలమ్మ.

మీటరాయన స్టూలు మీంచి గొంతు సవరించుకున్నాడు. "నా లెక్క ప్రకారం ఇవాళ పేలవు. గాలి అటు తిరిగింది."

"గాలికీ తుపాకీకీ ఏంటండీ సంబంధం?"

"ఉంటుందమ్మా. నీకు తెలీదు."

ఆవిడకి ఒళ్ళు మండిపోయింది. ఒకడు రానంటాడు, ఒకాయన ఒప్పుకోడు, ఇంకొకాయన గాలి లెక్కలు చెబుతాడు. మేడ మీద అత్తగారు "ఇవాళ ఇంకా పేలలేదేమిటే, డ్రమ్ము కడిగి పెట్టనా?" అని కేకేస్తోంది. ఒక్కరంటే ఒక్కరు పని జరిగే మాట మాట్లాడరు. ఆవిడ కుర్చీలోంచి లేచి, చీర కొంగు నడుముకి బిగించి, మేకుకి వేలాడుతున్న గ్లౌజులు తీసి తొడుక్కుంది.

"పట్టుకోండి. రెండో కొస నేను పడతా."

ఆయన మొదటిసారి తలెత్తి చూశాడు. "నువ్వా? నీకేం వచ్చే?"

"మీ కొట్టులో ఇన్నేళ్ళుగా కూర్చున్నాను. చూసి చూసి నేర్చుకోకుండా ఉండటానికి నేనేమన్నా మొద్దునా? పట్టుకోండి."

అద్దం స్టాండులోంచి బయటికొచ్చింది. పడుకోబెట్టి మోస్తే తన బరువుకి తనే విరుగుతుంది, అందుకని నిలువుగానే మోయాలి. ముందు ఆవిడ, వెనక ఆయన. చూసి నేర్చుకోవడానికీ మోయడానికీ ఉన్న తేడా గుమ్మం దాటేలోపే ఆవిడకి భుజాల్లో తెలిసింది. పైకి అనలేదు. ఆయన వెనకనుంచి "నిదానం, నిదానం, గట్టుంది" అని చెబుతున్నాడు. ఆ గొంతులో ఏ తడబాటూ లేదు. అద్దం పట్టుకున్నప్పుడు ఆయన గొంతు ఎప్పుడూ అంతే, ఇంట్లో ఎన్నడూ వినిపించని గొంతు అది.

రోడ్డు దాటుతుంటే బళ్ళు ఆగాయి. ఆగినవాళ్ళు ఊరుకుంటారా, ఒకడు హారను కొట్టాడు. ఆ హారనుకి ఆవిడ తల వెనక్కి తిప్పి ఆయన చేతులు చూసింది. బిగించి ఉన్నాయి.

"ముందుకి చూసి నడవవే బాబూ!" అన్నాడు ఆయన.

తమ్ముడు మోయనన్నాడు కానీ వెనకే వచ్చాడు. ఎదురు మేడ మెట్ల కింద చేతులు కట్టుకుని నిలబడ్డాడు, ఏదో జరగబోతుందని ముందే తెలిసినవాడిలా మొహం పెట్టుకుని. వాడి వెనకాల మీటరాయన. "మొదటి మలుపు దగ్గర ఎడమకి తిప్పాలమ్మా" అని సలహా కూడాను.

మెట్లు ఇరుకు. ఒక పక్క గోడ, ఇంకో పక్క ఇనప కడ్డీల రెయిలింగు. మెట్లెక్కేటప్పుడు కింద ఉన్నవాళ్ళ మీదే బరువంతా పడుతుంది, అందుకని ఆయన కింద కొస తీసుకున్నాడు. పైన ఆవిడ. వెనక్కి తిరిగి, అద్దంలోంచి ఆయన మొహం కనిపించేలా ఎదురుగా నిలబడి, ఒక్కో మెట్టూ కాలితో తడుముకుంటూ ఎక్కుతోంది. పై కొస నిటారుగా నిలబెట్టి ఉంచడమే ఆవిడ చెయ్యాల్సింది. అది గనక తూలితే వచ్చి పడేది కిందవాడి మీదే. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. ఆయన అది తెలిసే కింద నిలబడ్డాడు.

"ఎత్తు. ఆగు. ఇంకో మెట్టు. ఆ, బాగుంది. ఎత్తు."

సగం మెట్లెక్కారు. పైనుంచి మందుల వాసన వస్తోంది. ఆవిడకి చేతులు లాగేస్తున్నాయి, అయినా లోపల ఎక్కడో ఒక ధీమా పుట్టింది. జరిగిపోయేలా ఉంది. అద్దం పైకెళ్ళిపోతే చాలు, తమ్ముడి నోరు తను మూయిస్తుంది, ఏదో ఒకటి సర్దుతుంది, ఆయన రేపు మళ్ళీ బల్ల దగ్గర నిలబడతాడు. ఇలా అనుకుంటూ ఇంకో మెట్టు కోసం కాలు వెనక్కి పెట్టింది.

కొండ అవతల టపటపమంది.

ఆవిడ ఉలిక్కిపడలేదు. ఎప్పటిలాగే ఆవిడ చూపు ఆయన చేతుల మీదకి పోయింది. అద్దం కింద అంచు దగ్గర గ్లౌజు కదిలినట్టనిపించింది. అంతే, పోయింది, అనుకుంది. పోయే అద్దాన్ని పట్టుకోకూడదు. ఆవిడ వదిలేసింది. వదిలేసి రెండు మెట్లు పైకి దూకి గోడకి కరుచుకుపోయింది.

అద్దం పై కొస తూలి, రెయిలింగు కడ్డీకి కొట్టుకుని, అడ్డంగా పగిలింది. పై సగం మెట్ల మీద పడి ముక్కలు ముక్కలై కిందదాకా దొర్లింది. ఆ చప్పుడు ముందు కొండ అవతలి చప్పుడు ఎందుకూ పనికిరాదు. పైన డ్రిల్లు గుయ్యిమనడం మొదలై, ఠక్కున ఆగింది. కింద ఎవరో కెవ్వుమన్నారు. మీటరాయనే.

తమ్ముడు పెంకుల మీదే చెప్పులు కరకరలాడించుకుంటూ బావ వెనకదాకా పరిగెత్తుకొచ్చాడు. "చెప్పానా! నేను చెప్పానా లేదా! అక్కా, నీకేం కాలేదు కదా? చేతులు చూపించు. మీకు ఎన్నిసార్లు చెప్పాలి, ఎవరో ఒకరు చస్తేగానీ అర్థం కాదా మీకు?"

"ఒరేయ్, ఆగు" అంది ఆవిడ. గోడనుంచి వీపు ఇంకా విడివడలేదు. "ఆయన వదల్లేదు. నేనే వదిలేశాను."

"ఆ ఆ. ఇంకా ఎన్నాళ్ళు వెనకేసుకొస్తావు అక్కా?"

"వెనకేసుకురావడం కాదురా. నేనే వదిలేశా. నా చేతులతో నేనే."

పైనుంచి డాక్టరమ్మ మాస్కు గడ్డం కిందకి లాక్కుని తొంగి చూసింది. "పాపం, ఆవిడ షాక్‌లో ఉన్నట్టున్నారు. ఎవరైనా కూర్చోబెట్టండి. మంచినీళ్ళు ఇవ్వండి."

"నాకేం షాకు లేదు! నేను చెప్పేది మీరు వినరేం?"

"ముందసలు అది తుపాకీ కాదు" అన్నాడు మీటరాయన కిందనుంచి. "నేను చెప్పాను కదా ఇవాళ పేలవని. ఎక్కడో బండరాళ్ళు పగలగొడుతున్నారు. అనవసరంగా కంగారుపడ్డారు మీరు."

ఆవిడకి ఆ మెట్ల మీదే జుట్టు పీక్కోవాలనిపించింది. జీవితమంతా వాదించి గెలిచింది. తన తప్పు లేనప్పుడూ గెలిచింది, తప్పున్నప్పుడూ గెలిచింది. ఇప్పుడు నోరారా తప్పు తనదని ఒప్పుకుంటుంటే ఒక్క వెధవ నమ్మడు! ఆయనైనా ఒక్క మాట చెబుతాడేమోనని కిందకి చూసింది.

ఆయన చెప్పాడు. "పోన్లేరా. నేనే వదిలేశా." ఎడమ చెవి దగ్గర ఎక్కడో గీసుకుంది, మెడ మీదకి సన్నగా రక్తం కారుతోంది. ఆయనకి తెలిసినట్టు లేదు. "చప్పుడు వినబడింది. వదిలేశాను. ఎప్పుడూ అంతే కదా. ఆ చప్పుడుకే వదిలేస్తాను నేను. మీరన్నది నిజమే."

ఎన్నాళ్ళుగా ఆవిడ ఈ ఒక్క మాట కోసం పోరింది! అలిగింది, అరిచింది, బతిమాలింది. ఒక్కసారి ఒప్పుకోమంది. చెమటన్నాడు, జారిందన్నాడు, ఒప్పుకోలేదు. ఇవాళ, నిజం కాని రోజున, ఇంత నెమ్మదిగా ఒప్పేసుకుంటున్నాడు. తమ్ముడి కోసం కాదు, ఆవిడని కాపాడ్డానికీ కాదు. ఆయన మొహం చూస్తేనే తెలుస్తోంది, ఆయన దాన్ని నమ్ముతున్నాడు.

"ఏం వదిలేశారండీ?" అంది ఆవిడ. "ఏం వదిలేశారో చెప్పండి. మీ చేతుల్లో ఉన్నదేంటి మరి?"

అప్పుడు చూశారు అందరూ. ఆయన కింది మెట్టు మీద కాళ్ళు ఎడం పెట్టి నిలబడి ఉన్నాడు. రెండు చేతుల్లో, ఛాతీ ఎత్తున, పై అంచు కోరలు తేలిన సగం అద్దం. నిలువుగా, ఒక్క పిసరు కూడా వంగకుండా. వేళ్ళు బిగుసుకుపోయి ఉన్నాయి. ఆయన తల వంచి తన చేతుల్ని తనే చూసుకున్నాడు. అవి ఎవరివో అన్నట్టు చాలాసేపు చూసుకున్నాడు.

తమ్ముడు తెరిచిన నోరు మూసుకున్నాడు.  ఒక మెట్టు ఎక్కి, కట్టున్న చేతినే ముందుకు చాచాడు. "ఇలా ఇవ్వు బావా. దించుదాం."

"ఉండరా. అంచు పదునుంది. నువ్వు ఈ పక్కకి రాకు" అన్నాడు ఆయన. మోకాళ్ళు వంచి, సగం అద్దాన్ని తనే నెమ్మదిగా మెట్టు మీదకి దించి గోడకి ఆనించాడు. అది నిలబడిందని చూసుకున్నాక చేతులు తీశాడు. అప్పటిదాకా మీటరాయన కూడా మాట్లాడలేదు, అది చెప్పుకోదగ్గ విషయం.

ఆయన గ్లౌజు విప్పి చెవి తడుముకుని, వేళ్ళకంటిన రక్తం చూసి, పైకి చూశాడు. కోపంగా కాదు. లెక్క కుదరని మనిషి అడిగినట్టు అడిగాడు.

"మరి నువ్వెందుకు వదిలావు?"

ఆవిడకి జవాబులకి కొదవేంటి? చెయ్యి జారిందనొచ్చు. బరువనొచ్చు. మెట్టు తప్పాననొచ్చు. ఏదన్నా ఆయన నమ్ముతాడు, అందరూ నమ్ముతారు. ఇందాక నిజం చెబితే నమ్మనివాళ్ళు అబద్ధం చెబితే ఎందుకు నమ్మరు? కానీ ఆ చెవి, ఆ రక్తం, ఆయన నిలబడ్డ ఆ కింది మెట్టు చూస్తుంటే ఆవిడ నోటికి ఒక్క అబద్ధమూ రాలేదు. తను దూకింది. ఆయన్ని అద్దం కింద ఉంచేసి తను పైకి దూకింది.

"మీరు వదిలేస్తారనుకున్నా" అంది.

ఆ మాట ఎంత చిన్నగా అందామనుకున్నా మెట్లన్నీ విన్నాయి. తమ్ముడు తల తిప్పేసుకున్నాడు. డాక్టరమ్మ మెల్లగా లోపలికి తప్పుకుంది.

ఆయన గ్లౌజు అటు తిప్పి ఇటు తిప్పి జేబులో కుక్కుకున్నాడు.

"నేనూ అదే అనుకున్నానే" అన్నాడు.

అంతే, ఆవిడకి ఎక్కడినుంచి తన్నుకొచ్చిందో ఏడుపు, ఆపుకోవడం చేతకాలేదు. ఈ వీధి మీద కోపం, కొండ అవతలివాళ్ళ మీద కోపం, నీళ్ళ గిన్నెల మీదా వీడియోల మీదా కోపం, అన్నీ వెనక్కి తిరిగి తన మీదకే వచ్చిపడ్డాయి. ఉన్నచోటే మెట్టు మీద కూలబడి, మోకాళ్ళలో మొహం పెట్టుకుని బావురుమంది. వీధి వీధంతా వింటుందన్న ధ్యాస కూడా లేకపోయింది.

"ఓసి నీ తెలివి తెల్లారా! గాజు పెంకుల్లోనా కూర్చునేది? లే ముందు, లే!" అని అరుస్తూ ఆయన రెండేసి మెట్లు ఎక్కి వచ్చి, ఆవిడ రెక్క పట్టుకుని లేవదీశాడు.